ఏడో నంబరు పడక

మధ్యాహ్నం భోజనాల వేళ ఆ చప్పుడు మొదట విన్నది నూకరత్నం.

కేంటీన్‌లో నలభై మంది దాకా ఉన్నారు. గరిటెల మోత, కబుర్లు, నవ్వులు. ఆ గోలలోంచి వేరుగా వినిపించింది, స్టీలు కంచం మీద ఎవరో వేలితో కొడుతున్నట్టు. మూడు దెబ్బలు. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ మూడు. తల తిప్పి చూస్తే కిటికీ పక్కన రూతు కూర్చుని ఉంది. పక్కమ్మాయితో ఏదో చెప్పి నవ్వుతోంది. అన్నం కలుపుతున్న కుడిచెయ్యి మాత్రం ఆగిపోయింది. నాలుగు వేళ్ళూ లోపలికి ముడుచుకుపోయి, బొటనవేలు ఒక్కటే కంచం అంచును కొడుతోంది.

"రూతూ, ఆ చప్పుడేటమ్మా?"

"ఏ చప్పుడు మేడమ్?"

నూకరత్నం వేలు చూపించింది. ఆ పిల్ల తన చేతికేసి, అది తనది కానట్టు చూసింది. సిగ్గుపడి చెయ్యి బల్ల కిందికి లాక్కుంది. అప్పుడే వెనక బల్ల దగ్గర అదే చప్పుడు. ఆ తర్వాత గుమ్మం పక్క బల్ల దగ్గర. భోజనాలు అయ్యేలోపు ఆరుగురు తేలారు. ఎవరికీ తమ వేలు కదులుతోందని తెలియదు. ఆరుగురూ ఈమధ్యే ఏడో నంబరు పడక మీద పడుకుని లేచినవాళ్ళు.

భీమిలి దారిలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ సాగర సేవాసదనంలో నర్సులకూ, ఇళ్ళకు వెళ్ళి మంచాన పడ్డవాళ్ళను చూసుకునే సహాయకులకూ శిక్షణ ఇస్తారు. సదనానికి ఆనుకునే ఆసుపత్రి. నూకరత్నం ముప్పై ఏళ్ళు ఆ ఆసుపత్రిలో వార్డు సిస్టరుగా చేసి, మూడేళ్ళ కిందట ఈ పిల్లలకు పెద్ద టీచరుగా వచ్చింది. మెత్తని చేతుల సిస్టరు అని రోగులు ఆమెకు పేరు పెట్టారు. ఆమె సూది గుచ్చితే తెలిసేది కాదని చెప్పుకునేవారు. ప్రతి బ్యాచికీ మొదటి రోజు ఆమె చెప్పే మాట ఒకటే. "మందు డాక్టరు రాస్తారు. ఆ మందు మింగాలని మనిషికి అనిపించేలా చేసేది మీరు. రోగికీ మీకూ మధ్యన ఏముందో, సగం వైద్యం అందులో ఉంది."

ఆ మధ్యన ఉన్నదాన్ని పట్టుకోవడానికే డాక్టర్ రెహానా ఒక పొర తయారు చేసింది. వెల్లుల్లి పొట్టులాంటి పల్చటి పొర. రోగి ఒంటి కింద పరుస్తారు, చేతులకు చుడతారు. గుండె వేగం, ఊపిరి, చర్మం వేడి, కండరాల బిగువు, ఏ చెయ్యి ఎక్కడ ఎంత బరువుతో తగిలిందీ అంతా అందులో నిలిచిపోతుంది. మాట ఉండదు, బొమ్మ ఉండదు. శిక్షణకు వచ్చిన పిల్ల ఒక తొడుగు వేసుకుని ఖాళీ మంచం మీద కళ్ళు మూసుకుంటే, ఆ పొరలో ఉన్నదంతా ఆమె ఒంట్లోకి వస్తుంది. అరగంట సేపు ఆమే ఆ రోగి. ఎవరి చెయ్యి తగిలితే ఊపిరి నెమ్మదించిందో, ఎవరి అడుగుల అదురు తగిలితే గుండె దడదడలాడిందో ఆమె ఒళ్ళే ఆమెకు పాఠం చెబుతుంది. నాలుగేళ్ళ కిందట ఇంటివాళ్ళ సంతకాలు తీసుకుని ఆసుపత్రిలో పన్నెండు మందికి ఈ పొరలు పరిచారు. తర్వాత పేర్లు తీసేసి, నంబర్లు కలిపేశారు. ఏ నంబరు ఎవరిదో రెహానాకు కూడా తెలియదు.

నూకరత్నం చెయ్యి కడుక్కుని నేరుగా రెహానా గదికి వెళ్ళింది.

"నాకు తెలుసు సిస్టర్," అంది రెహానా, ఆమె నోరు తెరవకముందే. నలభై దగ్గర పడుతున్న మనిషి. కళ్ళ కింద నలుపు వారంలోనే పెరిగింది. "మూడు వారాల్లో పోతుందనుకున్నాను. రూతుకి ఇది ఐదో వారం. మామూలు ఆరోగ్య పరీక్షలని చెప్పి నరాల పరీక్షలన్నీ చేయించాను. అంతా బాగానే ఉంది."

"మరి ఆ వేలేటి డాక్టరమ్మా?"

"వణుకు కాదు, నొప్పి కాదు. ఆ పడకలో ఉన్న మనిషి ఏదో పని మొదలుపెట్టింది. పూర్తి కాలేదు. ఇప్పుడు మన పిల్లల ఒళ్ళు దాన్ని పూర్తి చెయ్యాలని చూస్తోంది. ఏం పనో నాకు అంతుబట్టడం లేదు."

"అయితే ఆ పడక ఆపీండి."

"ఆపడానికి మనసు రావడం లేదు. అది చేసిన ఆరుగురూ వార్డులో ఎలా మారారో మీరే రాశారు కదా. మంచం దగ్గరికి వెళ్ళగానే ముందు రోగి కళ్ళలోకి చూస్తున్నారు. మిగతా పదకొండు పడకలూ కలిసి అంత పని చెయ్యలేదు."

నూకరత్నం బయటికి వచ్చేసరికి వరండాలో నీలవేణి నిలబడి ఉంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. జాలర్ల కాలనీ నుంచి వస్తుంది. వాళ్ళమ్మ పోలమ్మ రేవులో చేపలమ్మేది. నాలుగేళ్ళ కిందట ఒక పొద్దున చేపల గంప ముందే కూలిపోయింది. నోరు పడిపోయింది, ఒళ్ళు పడిపోయింది. ఈ ఆసుపత్రిలోనే ఇరవై మూడు రోజులు ఉండి కన్నుమూసింది. అప్పుడు ఆ వార్డు సిస్టరు నూకరత్నం. "మీ అమ్మ ఏ బాధా లేకుండా వెళ్ళిపోయిందమ్మా, నేను పక్కనే ఉన్నాను," అని ఆ పిల్ల తల నిమిరింది. అలాంటి చెయ్యి తనకూ కావాలని నీలవేణి ఈ చదువుకు వచ్చింది. అడిగినవాళ్ళందరికీ ఆ సంగతే చెబుతుంది.

"మేడమ్, గురువారం ఏడో నంబరు నాదే కదా? లిస్టులో సూసినాను."

"అది ఒంటికి పట్టుకుంటోందమ్మా. రూతుని చూశావు కదా."

"పట్టుకోనీండి." నీలవేణి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "పన్నెండిట్లో మా అమ్మది ఒకటుంటాది మేడమ్. సంతకం పెట్టింది నేనే. ఆరు పడకలు అయిపోనాయి, ఏదీ మా అమ్మ కాదు. అమ్మయితే నాకు తెలిసిపోతాది. ఒక్కపాలి అమ్మ ఊపిరి నా ఒంట్లోకి వస్తే సాలు. తర్వాత ఏ వేలు కొట్టుకుంటే నాకేటి?"

*

మర్నాడు పొద్దున క్లాసులు మొదలవకముందు నూకరత్నం తొడుగు వేసుకుంది. "ఈ వయసులో మీ గుండెకి మంచిది కాదు సిస్టర్," అని రెహానా రెండుసార్లు అంది. "నా పిల్లల ఒంట్లో ఏం దూరిందో నాకు తెలియాలి," అని నూకరత్నం పడుకుని కళ్ళు మూసుకుంది.

ముందు బరువు. ఎడమ పక్కంతా తడి ఇసుక కప్పినట్టు బరువు. స్పర్శ తెలుస్తోంది గానీ కదలదు. ముక్కులోంచి గొంతులోకి దిగిన గొట్టం, మింగినప్పుడల్లా ముల్లులా గీరుతోంది. ఎవరివో గరుకు చేతులు వచ్చి, పక్క దులిపి, ఒక్క లాగున దుప్పటి సర్ది వెళ్ళిపోయాయి. గుండె వాటిని పట్టించుకోలేదు.

కాసేపటికి మంచం కోళ్ళలోంచి అడుగుల అదురు తెలిసింది. చెయ్యి ఇంకా తగలలేదు. అప్పటికే గుండె పరుగు అందుకుంది. అప్పుడు చేతులు వచ్చాయి. వెచ్చగా, మెత్తగా, తొందర లేకుండా. ఎవరో గానీ మంచి చెయ్యి అనుకుంది నూకరత్నం. ఇంత మంచి చేతికి ఈ ఒళ్ళు ఎందుకింత భయపడుతోందో ఆమెకు అర్థం కాలేదు.

ఆ చేతులు కుడిచేతిని ఎత్తాయి. నాలుగు వేళ్ళనూ కలిపి గుడ్డ చుట్టాయి. మణికట్టును మంచం కమ్మీకి కట్టాయి. ముడి బిగుసుకోకుండా కింద రెండు వేళ్ళు దూర్చి చూశాయి. తను క్లాసులో నేర్పేది అలాగే. తర్వాత ఎడమచెయ్యి వచ్చి, కట్టిన పిడికిలి మీద ఓదార్పుగా ఆనింది. అయిదు వేళ్ళలో ఉంగరం వేలు పొట్టిగా తగిలింది. దాని చివరి కణుపు లేదు.

నూకరత్నం ఎడమచేతి ఉంగరం వేలు చివర ఎనిమిదేళ్ళప్పుడు కత్తిపీట మీద తెగిపోయింది.

కట్టిన చేతి మీదుగా దుప్పటి జరిగింది. చెంప మీద రెండుసార్లు మెల్లగా తట్టి ఆ చేతులు వెళ్ళిపోయాయి. ఎడమ పక్కన కుర్చీ లాగిన అదురు. ఎవరో కూర్చున్నారు. ఎడమచేతి మీద ఒక అరచెయ్యి పడింది. ఐసులో చేపలు సర్ది వచ్చినట్టు చల్లగా ఉంది. వేళ్ళ మొదళ్ళలో గంప మోసిన కాయలు గట్టిగా ఉన్నాయి. ఒళ్ళంతా ఆ చేతి వైపు తిరగబోయింది. ఒక్క నరం కదలలేదు. ఎడమకు పోలేనిదంతా పారి వచ్చి కుడి బొటనవేలిలో చేరింది. మూడు దెబ్బలు. ఆగడం. మళ్ళీ మూడు. దుప్పటి కింద, చుట్టిన గుడ్డ పక్కన, ఎవరికీ కనబడకుండా. చల్లని చెయ్యి ఎడమచేతిని నిమురుతూనే ఉంది. బొటనవేలు కమ్మీకి కొట్టుకుని గోరు సలపడం మొదలైంది. ఎంతసేపటికో ఆ చల్లదనం లేచి వెళ్ళిపోయింది. వేలు మాత్రం ఆగలేదు.

తొడుగు విప్పాక నూకరత్నం చాలాసేపు మంచం అంచునే కూర్చుంది. ఆమెకు ఒక్కొక్కటే గుర్తుకు వచ్చాయి. అయిదు రోజులు ఐసీయూలో ఉంచి వార్డుకు తెచ్చిన రోజే పోలమ్మ ముక్కు గొట్టాన్ని రెండుసార్లు లాగేసింది. కుడిచెయ్యి ఒక్కటే కాస్త కదిలేది. తెలివి లేని కదలిక అది అన్నారు డాక్టరు. నియమం ప్రకారమే చెయ్యి కట్టారు. సాయంత్రం నాలుగింటికి కూతురు వస్తుంది, చూస్తే ఏడుస్తుందని నూకరత్నమే దుప్పటి కప్పేది. కుర్చీ ఎడమ పక్కకు జరిపింది కూడా ఆమే. అదంతా దయేననుకుంది అప్పుడు.

"ఎవరో తెలిసిందా?" అని అడిగింది రెహానా.

"ఆ మనిషి నీలవేణి తల్లి. కట్టిన చేతులు నావి."

రెహానా కిటికీ వైపు తిరిగి నిలబడింది. బయట పిల్లలు యూనిఫారాలు సర్దుకుంటూ క్లాసుకు వెళుతున్నారు. ఆమె నెమ్మదిగా అంది. "నీలవేణికి వేరే నంబరు ఇద్దాం. ఈ పొర పాడైందని రాసి పక్కన పెట్టేస్తాను. ఇంకెవరూ దీని మీద పడుకోరు. మీ పేరు ఎక్కడా రాదు సిస్టర్. ఆ పిల్లకి కూడా అదే మంచిది."

నూకరత్నం సరేనంది. ఆ మాట అన్నాక ఊపిరి పీల్చడం కాస్త తేలికైంది కూడా.

*

ఆ సాయంత్రం ఇంట్లో భర్త సన్యాసిరావు కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నాడు. పోర్టులో క్రేను నడిపి రిటైరైన మనిషి. షుగరు వల్ల మడమ మీద పుండు పడి ఆరేళ్ళయింది. మానుతుంది, మళ్ళీ రేగుతుంది. రోజు విడిచి రోజు నూకరత్నమే కట్టు మారుస్తుంది. వేడినీళ్ళ గిన్నె, దూది, మందు పక్కన పెట్టుకుని ఆమె పాత కట్టు విప్పబోయింది. విప్పబోయి ఆగి, మొదటిసారి అతని మొహంలోకి చూసింది. సన్యాసిరావు కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. రెండు చేతులూ కుర్చీని పట్టుకుని ఉన్నాయి.

"నొప్పెడుతోందా?"

అతను కళ్ళు తెరిచాడు. "ఏటే, ఇన్నాళ్ళకి అడిగావు?"

"చెప్పండి."

"పెడతాది. ఆ అంటుకున్న గుడ్డ లాగేటప్పుడు ప్రాణం పోయినట్టుంటాది."

"మరి ఎప్పుడూ చెప్పలేదేం?"

"ఏటి చెప్తాను? నీ చెయ్యి మెత్తనని ఊరంతా అంటారు. ఇంట్లోవాణ్ణి నేనొక్కణ్ణీ కాదంటే బాగుంటాదా?" నవ్వించబోయాడు. ఆమె నవ్వకపోయేసరికి అతనూ మానేశాడు. "నువ్వు పుండు సూస్తావు రత్నం. ఎంత బాగా సూస్తావో నాకు తెలుసు. నాకేసి సూడవు, అంతే."

నూకరత్నం చెయ్యి గిన్నె మీద ఉంది. బొటనవేలు గిన్నె అంచును కొడుతోంది. మూడుసార్లు. ఆగి, మళ్ళీ మూడు. సన్యాసిరావు ఆ వేలికేసి, ఆమెకేసి చూశాడు. ఆమె జరిగిందంతా చెప్పింది, పొర పక్కన పెట్టడానికి ఒప్పుకున్న సంగతితో సహా. అతను కట్టు తనే విప్పుకున్నాడు. దూదిని నీళ్ళలో తడిపి, అంటుకున్నచోట నాన్చి నాన్చి తీసుకున్నాడు. ఆమె మందు అందిస్తూ కూర్చుంది.

"ఆ పిల్ల అమ్మ కోసం వెతుక్కుంటంది అన్నావు కదా," అన్నాడు చివర్లో. "దొరికిన మనిషిని మళ్ళీ నువ్వే కప్పీసినట్టు అవదా?"

*

ఆదివారం పొద్దున్నే నూకరత్నం జాలర్ల కాలనీకి వెళ్ళింది. నీలవేణి ఇంటి ముందు వల పరుచుకుని దాని మీద నెత్తళ్ళు ఆరబోస్తోంది. మేడమ్‌ను చూసి లేచి, చేతులు లంగాకు తుడుచుకుని, లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేసింది. నూకరత్నం కూర్చోలేదు.

"ఏడో నంబరు మీ అమ్మదేనమ్మా."

నీలవేణి మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. "దొరికిందా? మీకెలా తెలిసింది మేడమ్? మీరు సూసినారా? అమ్మ ఎలగుంది?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నూకరత్నం చాలా అవస్థ పడింది. కుడిచెయ్యి కదిలేదని చెప్పింది. కట్టానని చెప్పింది. దుప్పటి సంగతి చెప్పింది. చెప్పే మాటలన్నీ ముందుగా కూడబలుక్కుని వచ్చింది గానీ, అవి నోటికి ఆ వరసలో రాలేదు.

నీలవేణి వింటూ కిందికి చూసింది. వేలికి అంటుకున్న చేప పొలుసును గోటితో గీకుతూ ఉంది.

"చెయ్యి కదిలేదా?"

"కదిలేది."

"ఎక్కడా కదలదని సెప్పినారు నాకు."

"తెలివితో కదిలే చెయ్యి కాదన్నారు. నేనూ నమ్మాను. ఒక్కసారైనా కట్టు విప్పి, నీ చేతిలో పెట్టి చూద్దామని నాకు తోచలేదు."

"కుర్చీ ఎడం పక్కనుండేది."

"నేనే వేశాను."

"ఎన్నాళ్ళు?"

"పద్దెనిమిది రోజులు."

"రోజూ నేనొచ్చినప్పుడు అమ్మ ఏలు కొట్టుకునేదా?"

"రోజూ ఏమైందో నాకు తెలియదమ్మా. ఆ పొరలో ఒక్క రోజుదే ఉంది."

సముద్రం వైపు నుంచి గాలి వచ్చి వల అంచు ఎత్తింది. నాలుగు చేపలు ఇసుకలో పడ్డాయి. నీలవేణి వంగి వాటిని ఏరి, దులిపి, మళ్ళీ వల మీద పెట్టింది.

"పోయినప్పుడు బాధ లేకుండా ఎల్లిందన్నారు."

"అప్పుడు అదే నిజమనుకున్నాను."

"ఎల్లిపోండి మేడమ్," అంది నీలవేణి. గొంతు పెంచలేదు. ఆ పిల్ల మళ్ళీ తల ఎత్తుతుందేమోనని నూకరత్నం కాసేపు నిలబడింది. ఎత్తలేదు.

*

నీలవేణికి చెప్పేశానని సోమవారం నూకరత్నం రెహానాతో అంది. గురువారం ఆ పిల్ల రాదనే అనుకున్నారు ఇద్దరూ. తొమ్మిదింటికి నీలవేణి వచ్చింది. యూనిఫారం ఇస్త్రీ చేసి ఉంది, జడ బిగించి వేసుకుంది.

"అవసరం లేదమ్మా," అంది రెహానా. "ఎవరూ నిన్ను బలవంతం చెయ్యరు."

"అది మా అమ్మ ఒళ్ళు. సంతకం నాది. వెయ్యండి."

గుమ్మం దగ్గర రూతూ మిగతా అయిదుగురూ గుమిగూడారు. సంగతి వాళ్ళకు ఎలాగో తెలిసిపోయింది. నూకరత్నం గోడకు ఆనుకుని నిలబడింది. పంపించేస్తే వెళ్ళిపోదామనుకుంది గానీ నీలవేణి ఆమె వైపు చూడనేలేదు.

అరగంటలో ఎక్కువసేపు ఆ పిల్ల కదల్లేదు. మొదట్లోనే మూసిన కళ్ళలోంచి నీళ్ళు చెవుల వైపు కారాయి. ఒకచోట పెదవులు బిగుసుకుని, మొహమంతా మూసుకుపోయినట్టయింది. ఆ చేతులు వచ్చాయని నూకరత్నానికి తెలిసింది. గోడలోకి వెళ్ళిపోగలిగితే బాగుండుననిపించింది. ఆ తర్వాత నీలవేణి ఎడమభుజం చలికి అన్నట్టు చిన్నగా వణికింది. కుడి బొటనవేలు లేచి మంచాన్ని కొట్టడం మొదలుపెట్టింది.

తొడుగు తీశాక ఆ పిల్ల అన్న మొదటి మాట, "నా చెయ్యి అంత సల్లగుండేదా? ఐసు పని అవగానే పరిగెత్తుకొచ్చీదాన్ని. అమ్మకి ఎంత సలేసుంటాదో."

బొటనవేలు ఇంకా కొట్టుకుంటూనే ఉంది. నీలవేణి దాన్ని కళ్ళార్పకుండా చూసింది. మూడు. ఆగడం. మూడు. ఆమె మొహంలో ఏదో మారింది.

"ఇది మీకెవరికీ తెలీదు కదా," అంది. "రేవులో చేపలు ఏలంపాట పెట్టినప్పుడు ఒకటే అరుపులు. పక్కనున్న మనిషి మాట కూడా ఇనపడదు. నేను సిన్నపిల్లని. అమ్మ నా చెయ్యొదిలితే తప్పిపోతాను. అందుకని గంప కాళీ అవగానే అమ్మ నా అరచేతిలో బొటనేలితో నొక్కీది. మూడుసార్లు."

"అంటే?" అంది రెహానా.

"ఇంటికెల్పోదాం అని."

గుమ్మం దగ్గర రూతు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నేను ఆ ఏలిని పిడికిట్లో పట్టుకుని ఒక్కపాలి గట్టిగా నొక్కీదాన్ని. సరే పద అని. నేను నొక్కేదాకా అమ్మ ఆపీది కాదు. నేను ఇన్నానో లేదో అని మళ్ళీ మళ్ళీ నొక్కీది."

నీలవేణి తన కుడి బొటనవేలిని ఎడమ పిడికిట్లోకి తీసుకుంది. కళ్ళు మూసుకుని ఒక్కసారి గట్టిగా నొక్కింది. "పదే అమ్మా," అంది, పక్కనున్న మనిషికి చెప్పినట్టు మామూలుగా. పిడికిలి విప్పేసరికి వేలు ఆగి ఉంది.

అప్పుడు ఆమె మంచం దిగి గుమ్మం దగ్గరికి నడిచింది. రూతు చెయ్యి అందుకుని బొటనవేలిని పిడికిట్లో మూసి నొక్కింది. రూతు పెద్దగా ఊపిరి వదిలి అక్కడే చతికిలబడి ఏడ్చింది. తర్వాత ఇంకో పిల్ల. ఆ తర్వాత ఇంకొకరు. ఆరుగురికీ ఆరుసార్లు ఆ మాట చెప్పింది. ఆరుగురి వేళ్ళూ ఆగిపోయాయి. అంతా రాసుకోవలసిన రెహానా కలం మూత కూడా తీయలేదు.

గోడ దగ్గర నూకరత్నం చెయ్యి చీర కుచ్చెళ్ళ మీద కొట్టుకుంటూ ఉంది. నీలవేణి ఆమె ముందుకు వచ్చింది. ఆ చేతిని చూసింది. చూసి, పక్కనుంచి బయటికి వెళ్ళిపోయింది.

*

నూకరత్నం పిలవలేదు. అడిగే హక్కు తనకు లేదని ఆమెకు తెలుసు. రెహానా ఆమె బొటనవేలిని పట్టుకుని నొక్కి చూసింది, ఆగలేదు. ఇంట్లో సన్యాసిరావు ప్రతి ఉదయం కాఫీ తాగుతూ పట్టుకునేవాడు. పట్టుకున్నంతసేపూ అతని పిడికిట్లో కొట్టుకునేది. వదలగానే బయట కొట్టుకునేది.

ఏడో నంబరు పొరను పక్కన పెట్టడానికి ఆమె ఒప్పుకోలేదు. అది మొదలయ్యేముందు ప్రతి బ్యాచికీ ఎదురుగా నిలబడి, "ఇందులో కట్టిన చేతులు నావి," అని చెప్పడం మొదలుపెట్టింది. సదనానికి చెడ్డపేరు వస్తుందని పైవాళ్ళు రెండుసార్లు హెచ్చరించారు. మూడోసారి పెద్ద టీచరు పదవి తీసేశారు. మామూలు టీచరుగా ఉంటానని ఆమె రాసిచ్చి ఉండిపోయింది. పొర నుంచి లేచిన ప్రతి పిల్ల బొటనవేలినీ పిడికిట్లోకి తీసుకోవలసిన పని మాత్రం నీలవేణి తను ఉన్నన్నాళ్ళూ ఎవరికీ ఇవ్వలేదు. వెళ్ళేముందు అది, ఇక్కడే పనిలో ఉండిపోతున్న రూతుకు నేర్పింది. క్లాసులో నీలవేణి నూకరత్నం చెప్పే పాఠాలన్నీ రాసుకునేది. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పేది. అంతకుమించి ఒక్క మాట మాట్లాడేది కాదు.

ఏప్రిల్‌లో ఆ బ్యాచి వెళ్ళిపోయింది. విజయనగరంలో, నోరు పడిపోయినవాళ్ళను చూసుకునే ఒక ఆశ్రమంలో నీలవేణికి ఉద్యోగం వచ్చింది. పిల్లలంతా వరండాలో సంచులు పెట్టుకుని, టీచర్లకు దండాలు పెట్టి, ఫోటోలు తీసుకుంటున్నారు. నూకరత్నం చివరి గుమ్మం దగ్గర ఒక్కతే నిలబడింది. నీలవేణి సంచీ భుజాన వేసుకుని అందరి మధ్య నుంచి ఆమె దగ్గరికి వచ్చి ఆగింది. ఇద్దరి మధ్యా చెయ్యి చాపితే అందేంత దూరం.

"ఇంకా పోనేదా మేడమ్?"

"లేదమ్మా."

నీలవేణి ఆ చేతిని చాలాసేపు చూసింది. ఆమె కుడిచెయ్యి సంచీ పట్టీని వదిలి కొంచెం పైకి లేచింది. లేచి, అక్కడే ఆగింది. గేటు బయట బస్సు హారన్ కొట్టింది.

"ఉండనీండి," అంది నీలవేణి. తిరిగి పట్టీ పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ మాట కోపంతో అన్నదో, ఆ వేలితోపాటు తల్లిని తనకు అప్పగించి పోయిందో నూకరత్నానికి ఇప్పటికీ తెలియదు. అడగడానికి రెండుసార్లు విజయనగరం బస్సెక్కింది. రెండుసార్లూ ఆ ఆశ్రమం కిటికీలోంచి, ఒక మంచం పక్కన కూర్చుని ఎవరి మొహంలోకో వంగి చూస్తున్న నీలవేణిని చూసింది. పిలవకుండా తిరిగి వచ్చేసింది.